పలచన చెయ్యాలి

ఆ రోజుల్లో నన్ను ఎవరు, ఎక్కడ, ఎప్పుడు తక్కువ చేశారో అడిగితే తడుముకోకుండా చెప్పేవాణ్ణి. (ఇప్పుడూ చెప్పగలను, కాకపోతే అడిగేవాళ్ళు తగ్గారు.) చల్లపల్లిలో మా పెద్దమ్మ కూతురి పెళ్ళిలో వరసలో అందరికీ బూరెలు వేసుకుంటూ వచ్చి, సరిగ్గా నా విస్తరి దగ్గర గిన్నె ఖాళీ అయిందని వెళ్ళి మళ్ళీ రాని మనిషి మొహం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. పదో తరగతి గ్రూపు ఫోటోలో నా తల సగానికి కోసేసిన ఫోటోగ్రాఫరు గుడివాడలో ఇప్పటికీ స్టూడియో నడుపుతున్నాడు. ఆ వీధిలో వెళ్ళాల్సివస్తే నేను అవతలి పక్కన నడుస్తాను. దీన్ని నేను ఆత్మాభిమానం అనుకునేవాణ్ణి. మా ఇంట్లోవాళ్ళు వేరే పేరు పెట్టారు, అది ఇక్కడ రాయను. అలాంటి నన్ను ఒక ఆదివారం పూట బందరులో, నలుగురి ముందు, ఒక పెద్దమనిషి ఒక్క మాట అన్నారు. ఈ గోలంతా ఆ మాట గురించే.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. గుడివాడలో కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేసేవాణ్ణి. ఎవరి నోటికి తగ్గట్టు వాళ్ళకి పన్ను అరగదియ్యడం, చిగుళ్ళకి గులాబీ రంగు కుదర్చడం నా పని. నందివాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన కొత్త పళ్ళు పెట్టుకుని అద్దంలో చూసుకుని, ఇవి నావే కదా అని అడిగాడు. దాంతో నా చేతి పనితనం మీద నాకు కాస్త ఎక్కువ నమ్మకమే ఏర్పడింది. అందుకే బందరులో మందుల కొట్టు నడిపే మా బావ ఫోన్ చేసి, "ఒరేయ్, మా కొట్టు మేడమీద ఆదివారాలు ఒక ఆట ఆడుతున్నాంరా, చిన్నచిన్న సైనికులకి రంగులెయ్యాలి, నీకు సరిపోద్ది" అంటే, వాళ్ళకి సాయం చెయ్యడానికి వెళ్తున్నట్టే వెళ్ళాను.

ఆట చదరంగానికి దూరపు చుట్టం. గళ్ళుండవు, పెద్ద బల్ల ఉంటుంది. దానిమీద అట్టముక్కల కొండలు, రంపపుపొట్టు పొలాలు. బొటనవేలంత ప్లాస్టిక్ సైనికుల్ని టేపుతో కొలుచుకుంటూ జరపాలి, పాచికలు వేసి ఎవడు చచ్చాడో తేల్చాలి. సైనికులు బూడిదరంగులో వస్తారు, చొక్కా గుండీల దగ్గర్నుంచి మనమే రంగులు వేసుకోవాలి. అక్కడ అయిదుగురు చేరేవారు. అందరిలోకీ పెద్దాయన్ని భాయ్ గారు అనేవారు. కలంకారీ బట్టల మీద అద్దకానికి టేకు అచ్చులు చెక్కడం ఆయన వృత్తి. అరవై దాటినా చెయ్యి వణకదు. ఆయన తర్వాత చర్చి పక్క స్కూల్లో సైన్సు చెప్పే టీచరుగారు. ఆపైన మా బావ, మాటకి ముందు నవ్వే ఇద్దరు బ్యాంకువాళ్ళు. ఇంకో నెలన్నరలో విజయవాడ నుంచి ఒక జట్టు వచ్చి వీళ్ళతో ఆడబోతోంది. బయటివాళ్ళతో ఆడడం అదే మొదటిసారి. రంగు పూర్తిగా కుదరని బొమ్మ బల్లెక్కకూడదని భాయ్ గారి నియమం. నాకు రెండు బొమ్మలిచ్చారు. ఒకడు బాకా ఊదేవాడు, రెండోవాడు కత్తి దూసి నోరు తెరిచి అరుస్తున్న దళపతి. విజయవాడ వాళ్ళ మీదికి మన సైన్యాన్ని నడిపించేది నా దళపతేనని మర్నాడే ల్యాబులో అందరికీ చెప్పేశాను. అది చెప్పకుండా ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

పది రోజులు కూర్చున్నాను. పళ్ళ పనిలో మాకు అలవాటైన పద్ధతి ఒకటే, తక్కువైన చోట ఇంకాస్త వెయ్యడం. అలాగే వేశాను. దళపతి చొక్కా ఎర్రగా రాలేదనిపిస్తే ఇంకో పూత, మొహం నున్నగా లేదనిపిస్తే ఇంకో పూత. ఒంటిరంగు డబ్బాలో కుదరక మా ల్యాబు చిగుళ్ళ రంగు కాస్త కలిపాను. (ఈ సంగతి అప్పట్లో ఎవరికీ చెప్పలేదు.) పూర్తయ్యాక ఇద్దర్నీ పళ్ళ సెట్లు పెట్టే పెట్టెలో దూది పరిచి పడుకోబెట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని బందరు తీసుకెళ్ళాను.

మేడమీద పెట్టె తెరవగానే అందరూ వంగి చూశారు. ముందు టీచరుగారు నోరు విప్పారు. "చాలా కష్టపడ్డట్టున్నారండీ." బాగుంది అనలేదు, కష్టపడ్డానన్నారు, గమనించండి. మా బావ దళపతిని అటూ ఇటూ తిప్పి, "వీడికి రెయిన్‌కోటు తొడిగావేంట్రా" అన్నాడు. బ్యాంకువాళ్ళు నవ్వారు. భాయ్ గారు మాత్రం నవ్వలేదు. బొమ్మని కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి భూతద్దంతో చాలాసేపు చూశారు. తర్వాత కళ్ళజోడు పైనుంచి బొమ్మని కాదు, నన్ను చూశారు.

"చెయ్యి కుదురుగా ఉంది బాబూ. కాకపోతే పలచన చెయ్యాలి."

నేను విన్నది నిజమేనా అని చుట్టూ చూశాను. టీచరుగారు తాపీగా తలూపుతున్నారు. "మొదట్లో అందరికీ అంతేనండీ. నాచేతైతే ఆర్నెల్లు పలచన చేయించారు. ఆ తర్వాతే దారిలో పడ్డాను." "నాకు రెండు వారాల్లో అయిపోయింది," అన్నాడు మా బావ గర్వంగా. భాయ్ గారు నా ఇద్దర్నీ తీసి కిటికీ గట్టుమీద పెట్టారు. "వీళ్ళు ఇప్పుడే బల్లెక్కరు. మీరు వచ్చేవారం రండి, కూర్చుందాం."

నలుగురిలో పలచనైపోవడమంటే ఏమిటో మా ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మా అమ్మ ఇంటికెవరైనా వస్తే పెట్టే టీ దగ్గర్నుంచి నా చొక్కా కాలరు దాకా అన్నిటికీ భయపడేది ఆ ఒక్కదానికే. అంటే ఇక్కడ కొత్తవాళ్ళని పట్టుకుని పలచన చెయ్యడం ఒక ఆచారమన్నమాట. టీచరుగారంతటి మనిషిని ఆర్నెల్లు అవమానించారు, ఆవిడ దానికి అలవాటుపడిపోయి దారిలో పడ్డానంటున్నారు. మా సొంత బావ రెండు వారాల్లో లొంగిపోయి దాన్ని గొప్పగా చెప్పుకుంటున్నాడు. మంచినీళ్ళు కూడా ముట్టకుండా మెట్లు దిగి వచ్చేశాను. మర్నాడు ల్యాబులో "ఏమన్నార్రా నీ దళపతిని" అని అడిగితే, వాళ్ళ కళ్ళు సరిగా లేవని చెప్పాను.

తర్వాతి ఆదివారం వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని ఉత్తరం రాశాను. ఉత్తరాలు రాయడంలో నాకు పేరుంది, మా వీధి దీపం గురించి నేను రాసిన వాటి వల్లే పక్కవీధిలో దీపం పడింది. "విషయం: నలుగురిలో పలచన చేయుట గురించి" అని పైన రాసి, కింద గీత గీసి, పదకొండు అంశాలుగా నాలుగు పేజీలు నింపాను. టీచరుగారి మాట మూడో అంశం, రెయిన్‌కోటు అయిదు, కిటికీ గట్టుమీద ఎండ పడుతుందని తెలిసీ నా మనుషుల్ని అక్కడ నిలబెట్టడం తొమ్మిది. ఎవరికి పంపాలో తెలియలేదు. ఆ జట్టుకి అధ్యక్షుడు లేడు, కార్యదర్శి లేడు, కనీసం బోర్డు లేదు. చివరికి ఎవరి మీద రాశానో ఆయనకే ఇద్దామని సెలవు పెట్టి బందరు వెళ్ళాను.

భాయ్ గారు ఇంటి వరండాలో టేకుముక్క మీద తీగ చెక్కుతున్నారు. ఉత్తరం ఇచ్చాను. ఉలి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, నాలుగు పేజీలూ ఒక్క అక్షరం వదలకుండా చదివారు. మధ్యలో ఒకసారి వెనక్కి తిప్పి రెండో పేజీ మళ్ళీ చదివారు.

"ఎవరు బాబూ మిమ్మల్ని పలచన చేసింది?"

"మీరేనండీ. ఆ ఆదివారం, అందరి ముందూ. పలచన చెయ్యాలన్నారు."

ఆయన కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నారు. "నేను రంగుని అన్నాను," అన్నారు.

ఇంకొకరైతే అక్కడితో తల దించుకుని వచ్చేసేవారు. నేను అంత తేలిగ్గా వదిలే మనిషిని కాను. "రంగు అనే మాట మీరు అనలేదండీ," అన్నాను.

"అనలేదు. నిజమే. రంగుల మధ్య కూర్చున్నాం కదా, మళ్ళీ చెప్పాలా అనుకున్నాను. చెప్పాల్సింది."

"పోనీ, నన్ను చూస్తూ ఎందుకన్నారు?"

"బొమ్మకి చెప్తే వింటుందా బాబూ?"

నా పదకొండు అంశాల్నీ మనసులో మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకున్నాను. ఆయన ఉత్తరం మడవబోయి ఆగారు. "ఏమీ అనుకోనంటే ఒక మాట చెప్తాను. మూడో పేజీ దాకా మీకేం నొప్పో తెలీలేదు. బాగా దట్టంగా పూశారు." లోపలికెళ్ళి నా ఇద్దర్నీ తెచ్చారు. గట్టుమీద ఎండ పడుతోందని ఆయనే ఇంటికి తెచ్చి దాచారట. (తొమ్మిదో అంశం అక్కడికక్కడే కొట్టేసుకున్నాను.) రంగు ఊడడానికి ఒక గిన్నెలో పుండ్లు కడిగే మందు పోసి, పక్కన పాత పళ్ళ బ్రష్ పెట్టారు. "మీ బొమ్మలు, మీరే నానెయ్యండి. నేను నమాజుకెళ్ళొస్తాను."

ఆయన వచ్చేసరికి పది రోజుల పని వేడి పాలమీద మీగడలా ముడతలు పడి లేస్తోంది. ప్రాణం ఉసూరుమంది. బ్రష్‌తో రుద్దుతుంటే గులాబీ రంగు ఊడి, దాని కింద ఎర్రది ఊడి, చివరికి దళపతి అసలు మొహం బయటపడింది. కందిగింజంత మొహంలో కనుబొమలున్నాయి, బుగ్గ మీద గాటుంది, తెరిచిన నోట్లో పైవరసన నాలుగు పళ్ళున్నాయి. ఏ మహానుభావుడు చెక్కాడో, నాలుగూ విడివిడిగా ఉన్నాయి. పళ్ళు చేసి పొట్టపోసుకునే నేను వాటిని పూడ్చిపెట్టి పైన నున్నగా మెత్తేశాను. భాయ్ గారు చూశారు గానీ ఏమీ అనలేదు. ఆ అనకపోవడాన్ని నేను ఇప్పటికీ మర్చిపోలేదు, ఇది మాత్రం వేరే రకం మర్చిపోకపోవడం.

"రంగు ఎంత పలచగా ఉండాలండీ?" అని అడిగాను.

"కింద అక్షరం చదవగలగాలి. చదవగలిగితే రంగు, లేకపోతే సున్నం. మా అద్దకంలోనూ అంతే, గుడ్డ నేత కనపడాలి." చుట్టూ చూశారు. "ఇంట్లో రాసిన కాగితం వేరే ఏదీ లేదు బాబూ."

నా ఉత్తరమే పరిచి, కుంచెతో ఎర్రరంగు గీశాను. మొదటి చారికకి ఆరో అంశం పూర్తిగా మునిగిపోయింది. నీళ్ళు కలిపాను. రెండో చారిక కింద సగం పంక్తి తేలింది. ఇంకాస్త కలిపి గీస్తే, ఎర్రరంగు కిందనుంచి "తీవ్రముగా గాయపడిన నా మనస్సు" అన్న మాటలు కామాతో సహా స్పష్టంగా కనిపించాయి.

"ఇదీ," అన్నారు భాయ్ గారు.

ఇంకో రెండు వారాలు రాత్రీ పగలూ అని చెప్పను గానీ, టిఫిన్ మానేసిన పూటలున్నాయి. పలచటి పూత వేసి ఆరేదాకా ఆగడం నాలాంటివాడికి ఎంత కష్టమో మీరు ఊహించలేరు. మొదటి పూతకి బొమ్మ జ్వరం వచ్చిన మనిషిలా ఉంటుంది, రెండోదానికి కాస్త లేచి కూర్చుంటుంది, నాలుగోదానికి గానీ మనల్ని చూడదు. పళ్ళకి మాత్రం తెలుపు వాడలేదు. తెల్లటి పళ్ళు అబద్ధమని నాకు తెలుసు, కొద్దిగా పసుపు కలిపాను. ఆట రోజు పొద్దున్నే పెట్టె తెరిస్తే, భాయ్ గారు భూతద్దం పెట్టి చూసి, "ఊఁ" అని, దళపతిని తన చేత్తో తీసుకెళ్ళి బల్లమీద ముందు వరసలో నిలబెట్టారు. "ఊఁ అంటే ఏమిటండీ" అని అడగబోతే మా బావ నా కాలు తొక్కాడు.

దళపతి రెండో వంతులోనే చచ్చిపోయాడు. విజయవాడ వాళ్ళు వేసిన పాచికలు అన్నీ ఆరులే. ఒకటి బల్ల అంచుకి తగిలి తిరిగిందని నేను అభ్యంతరం చెప్పాను గానీ టీచరుగారు, "పోయాడండీ, తీసెయ్యాలి" అన్నారు. అవతలి జట్టులో ఒకాయన తియ్యడానికి చెయ్యి చాచి, తీసి, పక్కన పెట్టకుండా కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఇది ఎవరు వేశారండీ?"

"నేనే. ఏం, తప్పేమైనా ఉందా?" అన్నాను గొంతు పెంచి.

"అబ్బే, చూస్తున్నానండీ," అన్నాడు. చూస్తూనే ఉన్నాడు. తర్వాత పక్కవాడికిచ్చాడు, ఆయన ఇంకొకరికిచ్చాడు, వాళ్ళ వంతు వచ్చినా ఎవరూ పాచికలు ముట్టుకోలేదు. ఏ విమర్శకి ఏం జవాబు చెప్పాలో ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని వెళ్ళినవాణ్ణి, అవన్నీ అలాగే ఉంచుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను.

ఆ రోజు మేం ఓడిపోయాం. సాయంత్రం బస్సులో పెట్టె ఒళ్ళో పెట్టుకుని, మూత కొద్దిగా తెరిచే ఉంచాను. కండక్టరు టికెట్ కొట్టి వెళ్ళిపోయాడు. పక్కన కూర్చున్నావిడ నిద్రపోయింది. పామర్రు దాకా చూశాను, ఎవరైనా అడుగుతారేమోనని. ఎవరూ అడగలేదు, అడగలేదని కాస్త కోపం కూడా వచ్చింది. ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళ ఆ కుర్రాడు గుర్తొస్తే నాకు నవ్వొస్తుంది, ఆ వెంటనే ఆ పక్కసీట్లో వెళ్ళి కూర్చోవాలనిపిస్తుంది. కూర్చుని, ఏమీ తెలియనట్టు, "ఏంటి బాబూ ఆ పెట్టెలో?" అని అడగాలనిపిస్తుంది. గుడివాడ వచ్చేదాకా చెప్పేవాడు.