సొల్లంటే ఏ సొల్లు?

1956లో నేను నంద్యాలలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. పుట్టి పెరిగింది ఆళ్లగడ్డ కాబట్టి, ఆ వైపు రోగుల మాటలు విడమరిచి చెప్పే పని నాదే. మా డాక్టరుగారు తమిళులు. తెలుగు బాగానే నేర్చుకున్నారు గానీ సీమ యాస దగ్గర ఆగిపోయేవారు.

ఒక ఉదయం ఆళ్లగడ్డ నుంచి ఖాసీంను అతని అన్న మౌలాలి, భార్య హుసేన్‌బీ బస్సులో తీసుకొచ్చారు. ఖాసీం గిన్నెలకు కళాయి వేసే మనిషి. ఒళ్లు కాలిపోతోంది. మాట ముద్దముద్దగా వస్తోంది. ఏమైందని అడిగితే మౌలాలి విసుగ్గా, "ఏముందమ్మా, నిన్నట్నుంచి ఒకటే సొల్లు" అన్నాడు.

తమిళంలో సొల్లు అంటే చెప్పు. డాక్టరుగారు ఖాసీం వైపు తిరిగి, నెమ్మదిగా చెప్పమన్నారు. అతను నోరు కదపబోయి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

మా వైపు ఆ మాటకు అర్థం వేరని నేను చెప్పాను. పనీపాటా లేని కబుర్లు, పొంతన లేని మాటలు సొల్లు. సంతలో ఎవడైనా లేనిపోని గొప్పలు చెబితే "నీ సొల్లు ఆపప్పా" అంటారు. ఖాసీం పెద్ద మాటకారని మా ఊళ్లో అందరికీ తెలుసు. అందుకే ఆ ముద్దమాటలు అన్నకు సొల్లుగా తోచాయి. ఆ లెక్కన జ్వరం తలకెక్కిందేమో, కర్నూలు పెద్దాసుపత్రికి పంపాలేమో అన్నారు డాక్టరుగారు. కానీ పసిబిడ్డ నోట కారేదీ సొల్లేనని కూడా నేను చెప్పాను.

"రెండిట్లో ఇతనిది ఏది?" అన్నారాయన.

హుసేన్‌బీని అడిగాను.

"కారే సొల్లే నర్సమ్మా. దిండంతా తడిసిపోతాంది. నీళ్లు గూడా మింగలేకుండాడు. మా బావకు చెప్తే ఇనుకోల్యా."

డాక్టరుగారు వెంటనే టార్చి అందుకున్నారు. నోరు సరిగా తెరుచుకోవడం లేదు. లోపల ఒక పక్క ఉబ్బి కొండనాలుకను అవతలికి నెట్టేసింది. క్విన్సీ, అంటే టాన్సిల్ పక్కన పట్టే చీముగడ్డ. ఇంకా పెరిగితే ఊపిరాడదు. కర్నూలు దాకా ఆగే పరిస్థితి కాదు.

ఖాసీంను కూర్చోబెట్టి తల నేను పట్టుకున్నాను. కత్తి లోతుగా దిగకుండా, మొన మాత్రం వదిలి ప్లాస్టరు చుట్టాం. గొంతుకు మత్తుమందు పూసి ఆయన గాటు పెట్టగానే చీము బేసిన్‌లోకి చిమ్మింది. పెన్సిలిన్ ఇచ్చాం. మధ్యాహ్నానికి మంచినీళ్లు మింగాడు.

"గొంతు నొప్పి అంటాంటినన్నా, నీకు తెలీకపాయ" అన్నాడు ఖాసీం. మౌలాలి తన టవలుతో తమ్ముడి మూతి తుడిచాడు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పనిచేశాను. రోగి వెంట వచ్చినవాళ్లు ఏ మాట అన్నా, అది నాకు చిన్నప్పట్నుంచి తెలిసిన మాటే అయినా, ఏం చూసి అలా అన్నారో అడిగాకే కేసు షీటు మీద కలం పెట్టాను.