పింటూగాడి నీలం కత్తి

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున పటాన్‌చెరులో మా కిరాయి గదుల వరుస మొత్తం ఒకే టీవీ ముందు కూర్చునేది. వేరే గ్రహం నుంచి వచ్చిన హీరో, చేతిలో నీలంగా వెలిగే కత్తి... దాన్ని తిప్పితే విలన్లు పొగై పోయేవాళ్లు. గడ్డపోతారం వైపు నుంచి మందుల కంపెనీల వాసన వచ్చినప్పుడల్లా "ఇది ఆ విలన్ల పొగే" అని నేను చిన్న పిల్లల్ని ఏడిపించేవాణ్ని.

తర్వాత ఆ కత్తుల నకళ్లు బజార్లోకి వచ్చాయి. ఆడుకునే రకం కాదు, దాచుకునే రకం. మీట నొక్కితే అచ్చం టీవీలో లాగే వెలిగేవి. మా పక్కగది పింటూగాడికి వాళ్ల చిన్నాయన బొంబాయి నుంచి తెచ్చేవాడు. ఎరుపు, పచ్చ, చివరికి అసలైన నీలం... ఒక్కోదానికి ఒక్కో డబ్బా, డబ్బా మీద హీరో బొమ్మ. వాడు రోజూ పడుకునే ముందు మూతలు తీసి చూసుకునేవాడు. మా ఇంట్లో బంగారానికి కూడా అంత మర్యాద లేదు... ఉంటే కదా!

దసరా ముందు రోజు కాళ్లావేళ్లా పడి నీలం కత్తి అడిగి తెచ్చుకున్నాను. కత్తి ఇచ్చాడు గానీ డబ్బా ఇవ్వలేదు.

"డబ్బా నా దగ్గరుంటది. కత్తి రేపు తెచ్చియ్యాలె. అమ్మతోడు?"

"అమ్మతోడు."

మా నాయిన లేత్ మిషన్ మీద పని చేసేవాడు. దసరా నాడు ఇంట్లో ఆయన పనిముట్లకు పూజ. స్పానర్లు, సుత్తె, ఆకురాయి అన్నీ తుడిచి, పీట మీద పేర్చి, పసుపు కుంకుమ పెట్టేవాళ్లు. బొట్టు పెట్టాక మర్నాడు పొద్దున దాకా ఎవరూ ముట్టకూడదు. అంతకు ముందు ఏడాది అర్జెంటు పని ఉందని సేటు కబురు పంపితే, నాయిన పూజలోంచి స్పానర్ తీసుకుని పోయాడు. ఆ వారంలోనే మిషన్ ఆయన చూపుడు వేలి కొస తీసుకుంది. మిషన్‌కు అడ్డుగా ఉండాల్సిన రేకు లేదన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. మా అమ్మకు మాత్రం కారణం దొరికిపోయింది...

ఇక నా తిక్క వేషం చూడండి. అమ్మ కొబ్బరికాయ కోసం లోపలికి పోగానే, స్పానర్ల మధ్య నీలం కత్తి పెట్టి మీట నొక్కాను. అమ్మ చూసి పకపకా నవ్వింది.

"ఇది గూడ ఆయుధమేనా కొడుకా?" అంటూ దానికీ బొట్టు పెట్టింది. పసుపు దారం కూడా కట్టింది.

నా కామెడీకి నేనే మురిసిపోతున్నాను... బయట లారీ హారన్.

పింటూ వాళ్ల నాన్న కంపెనీ మూతబడి నెలలైంది. గుజరాత్‌లో పని దొరికిందట, దసరా నాడు బయలుదేరితే మంచిదని సామాను ఎక్కిస్తున్నారు. పింటూగాడికి కూడా ఆ పొద్దునే తెలిసింది. ఖాళీ డబ్బా గుండెకు హత్తుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు.

"సత్తీ, మేరా కత్తి దే యార్. జల్దీ!"

పీట వైపు చేయి చాచానో లేదో, అమ్మ నా రెక్క పట్టింది.

"ముట్టకు. బొట్టు పెట్టిన."

"అది వానిదే అమ్మా!"

"ఎవనిదైతే ఏంది? పొద్దుగాల తీస్కపో."

"పొద్దుగాల వాడు ఉండడే! లారీ పోతుందే!"

"పోయినేడు మీ నాయిన గిట్లనే తీసిండు. ఏమైందో సూసినవ్ కదా! నీకు కత్తి గావాల్నా, మీ నాయిన చెయ్యి గావాల్నా?"

పదేళ్లవాణ్ని... చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఆంటీ, నా కత్తి..." అని పింటూ ఏడుపు. అమ్మకూ కళ్లల్లో నీళ్లు. "ఈ ఒక్క రాత్రి ఆగుమను బిడ్డా మీ నాయినను. మా ఇంట్లనే తిని పండుకోండ్రి" అంటోంది. లారీవాడు వింటాడా? హారన్ మీద హారన్. వాళ్ల నాన్న వచ్చి పింటూను రెక్క పట్టుకుని లాక్కెళ్లి లారీ ఎక్కించాడు. డబ్బా మాత్రం వదల్లేదు వాడు.

లారీ కదిలాక, సాగనంపుతూ అమ్మ వీధి చివరికి పోయింది. అంతే... కత్తి లాక్కుని వెనక సందులోంచి బొంబాయి రోడ్డుకు పరుగెత్తాను. రోడ్డు నిండా లారీలే. అన్నీ ఒకేలా ఉన్నాయి. "పింటూ!" అని ప్రతి లారీ వెంట అరిచాను. ఒక క్లీనర్ తల బయట పెట్టి "ఏం బే, యుద్ధానికి పోతున్నవా?" అని నవ్వాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో చేతిలో కత్తి వెలుగుతూనే ఉంది, ఎవరికీ కనబడకుండా...

పింటూ దొరకలేదు. చూస్తే చెమటకు బొట్టు చెరిగిపోయి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది నాయిన చెయ్యి.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఇంకా వీధి చివర ముచ్చట్లలోనే ఉంది. గుట్టుచప్పుడు కాకుండా మళ్లీ బొట్టు దిద్ది పీట మీద పెట్టాను. దేవుడు చూడలేదనుకుందామంటే, ఆయన ఫోటో ఎదురుగానే ఉంది.

మర్నాడు నాయిన డ్యూటీకి పోయాడు. నేను సాయంత్రం దాకా సందు మొదట్లో నిలబడ్డాను. నాయిన రాగానే పోయి చేతులు పట్టుకున్నాను.

"ఏందిరా గట్ల సూస్తున్నవ్?"

"ఏం లే నాయినా..."

గ్రీసు మరకలు, పొద్దున ఉన్న వేళ్లన్నీ ఉన్నాయి. మరి రేపు? ఎల్లుండి? నెలల తరబడి ప్రతి సాయంత్రం ఎదురుపోయి చేతులు పట్టుకునేవాణ్ని. "నా కొడుక్కి నేనంటే ఎంత పానమో సూడు" అని నాయిన గదుల వరుసంతా చెప్పుకునేవాడు. కాదని ఎలా చెప్పను?

నాయిన రిటైరయ్యాడు. ఆ వేళ్లతోనే ఇప్పుడు నా ఫోన్ లాక్కుని చూస్తాడు. గదుల వరుస పోయి అపార్ట్‌మెంట్ వచ్చింది. అలాంటి కత్తులు ఇప్పుడు ఫోన్లో నొక్కితే ఇంటికే వస్తాయి. మావాడివి రెండు మంచం కింద దుమ్ము కొట్టుకుంటున్నాయి, మూత తీసి చూసుకునేవాడే లేడు... నీలం కత్తి మాత్రం వెలగడం మానేసినా ప్రతి దసరాకు పీట ఎక్కుతుంది. అమ్మ మొదటి బొట్టు దానికే పెడుతుంది.

మీ ఇంట్లోనూ తిరిగివ్వడానికి మనిషి దొరకని వస్తువు ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండి... ఎవరు ఎక్కడ చదువుతున్నారో ఏమో.

పింటూ, ఇది నీ కంటబడితే ఆ డబ్బా తీసుకుని రారా. ఎప్పుడైనా రా... ఒక్క దసరా నాడు తప్ప.