నేను కత్తిరించిన నాలుగు నిమిషాలు

పదకొండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్ద అబద్ధమేమీ కాదు. రెండు మాటలు. "ఇంకా రాలేదు." అంతే. ఆ రెండు మాటలనూ నమ్ముకుని ఒక పెద్దాయన వెళ్ళిపోయారు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదయింది. తెలిసినవాళ్ళకైతే ఈ కథ చెబుతూ సగంలో ఆపేసి, కాఫీ పెట్టడానికి లేచి వెళ్ళిపోయేదాన్ని.

మాది నేపర్‌విల్. అప్పట్లో నేను ఒక కంపెనీలో డేటాబేస్ పని చేసేదాన్ని. మా మేనేజర్ పేరు క్యారల్. మంచి మనిషి. నా గ్రీన్ కార్డ్ ఫైలు ఆరేళ్ళుగా నడుస్తూ ఉండేది. అది ఆ కంపెనీ పేరు మీదే ఉంది కాబట్టి క్యారల్ ముఖం కాస్త ముడుచుకుంటే నేను చేసిన పనంతా మళ్ళీ సరిచూసుకునేదాన్ని. "కార్డ్ వచ్చేదాకా ఎవరితోనూ ఏ ఇష్యూ పెట్టుకోకు" అని మా ఆయన రోజుకోసారి అనేవాడు. ఆయన అనకపోయినా నేను పెట్టుకునే రకం కాదు.

ఒకరోజు లంచ్ దగ్గర క్యారల్ వాళ్ళ నాన్న సంగతి చెప్పింది. పేరు హెరాల్డ్, వయసు తొంభై ఒకటి. రెండో ప్రపంచ యుద్ధంలో భారీ బాంబర్ విమానాల దళంలో పనిచేశారట. ఆ దళం చరిత్రంతా ఆయన బేస్‌మెంట్‌లో అట్టపెట్టెల్లో ఉంది. దాన్ని వెబ్‌సైట్‌లోకి ఎక్కించడానికి ఎవరైనా సాయం చేస్తే బాగుండునంది. నేను చేస్తానన్నాను. ఆసక్తితోనా, జాలితోనా, అడిగింది మేనేజర్ కనుకనా? ఆ ప్రశ్న అప్పుడు వేసుకోలేదు.

రెండేళ్ళపాటు శనివారం పొద్దుటిపూటలన్నీ ఆ బేస్‌మెంట్‌లోనే గడిచాయి. ఇంగ్లండ్‌లో పొలాల మధ్య వేసిన ఒక రన్‌వే, విమానానికి పదిమంది చొప్పున కుర్రవాళ్ళు, ఏ రోజు ఎవరు ఎక్కారు, ఎవరు తిరిగొచ్చారు. నేను టైప్ చేసేదాన్ని. ఆయన పక్కన కూర్చుని స్పెల్లింగులు దిద్దేవారు. "జాన్సన్ కాదు, జాన్‌స్టన్. వాళ్ళమ్మ ఒప్పుకోదు" అనేవారు. ఆ అమ్మ పోయి అప్పటికే ఎన్ని దశాబ్దాలో. నేను తీసుకెళ్ళిన గారెల్ని కెచప్‌లో ముంచుకుని తినేవారు. మా తాత నాకు గుర్తులేడు. తాత ఉంటే ఇలా ఉండేవాడేమో అనిపించేది.

హెరాల్డ్ గారి విమానం శత్రుదేశం మీద కూలిపోయింది. ఆ రోజు పేజీలో ఎడ్డీ అనే కుర్రవాడి పేరు ఎదురుగా ఒక వాక్యం ఉంది: 'తన స్థానంలోనే, ఫిరంగి గుండు ముక్కలు తగిలి, తక్షణం మరణించాడు.' ఆయన చేతిరాతలో ఉన్నదాన్ని నేనే టైప్ చేశాను.

బతికున్నవాళ్ళ జ్ఞాపకాలు రికార్డ్ చేయడం మా పనిలో ఒక భాగం. అందరివీ అయిపోయాక చివర్న హెరాల్డ్ గారిది మిగిలింది. అక్టోబర్‌లో ఒక శనివారం రికార్డర్ ఆన్ చేశాను. బడి గురించి, ట్రైనింగ్ గురించి, పైన గాలిలో చలి గురించి చెప్పారు. ఆపైన ఎడ్డీ గురించి చెప్పారు.

విమానం పొట్ట కింద బంతిలాంటి చిన్న గది ఒకటి వేలాడుతుంది. ఎడ్డీ పొట్టివాడు కనుక తుపాకీతో అతన్ని అందులో కూర్చోబెట్టారు. అందులో పారాషూట్‌కి చోటుండదు. దాన్ని పైన, గది మూత పక్కన వదిలేసి కిందికి దిగాలి. హెరాల్డ్ గారు అక్కడికి కొన్ని అడుగుల దూరంలో, పక్క కిటికీ దగ్గర తుపాకీతో నిలబడేవారు. ఆ రోజు విమానానికి దెబ్బ తగిలి మంటలు లేచాయి. దూకమని గంట మోగింది.

"నా పారాషూట్ చీలికలైపోయింది. వాడిది కనబడింది, తీసుకున్నాను" అన్నారు. "ఆలోచించలేదని చెప్పను. ఆలోచించాను. వాడు లోపలే చనిపోయుంటాడని అనుకోవాలనుకున్నాను."

రికార్డర్ నడుస్తూనే ఉంది.

"తగిలించుకుంటుంటే మూత తెరుచుకుంది. వాడు పైకొచ్చాడు. పారాషూట్ పెట్టిన చోటు చూశాడు. తర్వాత నా ఛాతీ వైపు చూశాడు. నేను దూకేశాను."

కింద శత్రువులకి పట్టుబడి, ఖైదీల శిబిరం నుంచి బయటపడ్డాక, అధికారులు అడిగితే, ఎడ్డీ తన గదిలోనే చనిపోయాడని ఆయన చెప్పారు. నేను టైప్ చేసిన వాక్యం అదే. మిగతా చరిత్రంతా అంత జాగ్రత్తగా రాసింది ఆ ఒక్క వాక్యం కోసమేనేమో.

"దీన్ని మార్గరెట్‌కి పంపు. ఎడ్డీ చెల్లెలు" అన్నారు. "మా దళంవాళ్ళం కలుసుకునే ప్రతి రీయూనియన్‌కీ వస్తుంది. ప్రతిసారీ నన్ను అడుగుతుంది. ఆమె ముఖం చూసి చెప్పలేను. నువ్వు పంపు, నా అడ్రస్ కూడా పెట్టు. నీకు రాసినా సరే, నాకు రాసినా సరే. తిట్టినా సరే."

నేను అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? ఎడ్డీ గురించి కాదు. "క్యారల్‌కి తెలుసా?" అన్నాను.

"తెలియదు. తెలిస్తే తెలియనీ" అన్నారు.

డ్రైవ్ చేసుకుంటూ ఇంటికొస్తూ లెక్కలు వేసుకున్నాను. మార్గరెట్ గారు దీన్ని పదిమందిలో పెడితే? తండ్రి పరువు తీసింది ఈ అమ్మాయేనని క్యారల్ అనుకుంటే? తొంభై దాటిన మనిషిని కూర్చోబెట్టి ఏవేవో చెప్పించావని అంటే? ఉద్యోగం, ఫైలు, పిల్లల స్కూలు, ఇల్లు, ఒకదాని వెనక ఒకటి కూలిపోతున్నట్టే కనిపించాయి. క్యారల్ నన్ను ఒక్క మాట అనలేదు. ఆమెకసలు విషయమే తెలియదు. నన్నెవరూ బెదిరించలేదు. ఈ ముక్క రాయడానికి అన్నిటికంటే సిగ్గుగా ఉంది. బెదిరించి ఉంటే వాళ్ళ మీదికి నెట్టేసి ఉండేదాన్ని.

మర్నాడు తెలుగు చర్చి నుంచి వచ్చాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పిల్లలు సాకర్‌కి వెళ్ళారు. రికార్డింగ్‌లో ఆ నాలుగు నిమిషాలూ గుర్తుపెట్టి కత్తిరించాను. చలి గురించిన మాట దగ్గర ఆగి, శిబిరంలో పెట్టిన రొట్టె దగ్గర మళ్ళీ మొదలయ్యేలా అతికించాను. అతుకు తెలియలేదు. నా పని శుభ్రంగానే ఉంటుంది. దాన్ని సైట్‌లో పెట్టాను. అసలుదాన్ని పెన్‌డ్రైవ్‌లో దాచాను. ఎందుకు దాచానో తెలియదు.

ఆ వచ్చిన శనివారం ఆయన మెట్ల దగ్గరే అడిగారు. "పంపావా?"

"పంపాను."

ఆ తర్వాతి శనివారం: "నీకేమైనా రాసిందా?"

"ఇంకా రాలేదు."

"తొందరేముంది. ఆమెకీ టైమ్ కావాలిగా" అన్నారు.

ప్రతి శనివారం అదే ప్రశ్న, అదే జవాబు. మెల్లగా ఆయన స్పెల్లింగులు దిద్దడం మానేశారు. జనవరిలో ఒకసారి నేను అడక్కుండానే అన్నారు, "రాదులే అమ్మాయ్. రాకపోవడమే ఆమె జవాబు." అప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. తెరిచి, తర్వాత ఏ పెట్టె తియ్యమంటారని అడిగాను.

ఫిబ్రవరిలో మార్గరెట్ గారు ఫోన్ చేశారు. సైట్‌లో నా నంబరుంది. గొంతు సన్నగా ఉంది, మాట మాత్రం స్పష్టంగా ఉంది.

"మీరు హెరాల్డ్‌తో చాలా రోజులు కూర్చున్నారట. మా అన్నయ్య గురించి ఏమైనా చెప్పాడా? సైట్‌లో ఉన్నది కాకుండా?"

"లేదండీ."

"జర్మన్లు రాసిన కాయితం ఒకటి నా దగ్గరుంది. కూలిన విమానంలో అన్నయ్య పక్క తలుపు దగ్గర దొరికాడట. పారాషూట్ లేదట. కింద గదిలో చనిపోయినవాడు తలుపు దాకా ఎలా వస్తాడమ్మా?"

"నాకు తెలియదండీ."

"నేను బాధపడతానని ఎవరూ చెప్పడం లేదేమో. నాకు ఎనభై ఆరేళ్ళు. నాకు కావలసింది ఓదార్పు కాదు."

"ఏదైనా తెలిస్తే తప్పకుండా చెబుతాను" అన్నాను. ఆమె థాంక్యూ చెప్పారు.

అప్పటిదాకా నాకొక ఆసరా ఉండేది. ఆ ముసలామె మనసు విరగ్గొట్టడం ఎందుకని దాచాను, అది దయే కదా, అని. ఆ ఫోన్ పెట్టేశాక ఆ ఆసరా కూడా పోయింది. అయినా నేను నోరు విప్పలేదు.

మార్చిలో హెరాల్డ్ గారు నిద్రలోనే పోయారు. అంత్యక్రియల్లో క్యారల్ నన్ను కావలించుకుని, నాన్నకి నువ్వంటే చాలా ఇష్టమని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నా ఏడుపులో ఎంత దుఃఖమో, ఎంత ఊపిరి పీల్చుకోవడమో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆ వేసవిలో కార్డు వచ్చింది. ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాను. దేవుడు అడ్డంకులన్నీ తొలగించాడన్నాను. అందరూ హల్లెలూయ అన్నారు. కూర్చున్నాక ముఖం కొంగులో దాచుకున్నాను. పక్కనున్న ఆంటీ అది ఆనందం అనుకుని నా చెయ్యి నొక్కింది.

మార్గరెట్ గారు మూడేళ్ళ క్రితం పోయారు. ఆ సంగతి ఆమె మనవరాలు సైట్‌లో రాసింది. చివరి వాక్యం ఇది: 'తన అన్నయ్యకి ఏమైందో తెలుసుకోవాలని బామ్మ చివరిదాకా ప్రయత్నించింది.' దాన్ని సైట్‌లో ఉంచేందుకు ఒప్పుకోవలసింది నేనే. అప్రూవ్ అన్న బటన్ నొక్కాను.

ఇప్పుడెందుకు చెబుతున్నాను? ఇప్పుడు మేం సిటిజన్లం. ఆ కంపెనీ వదిలేసి చాలా కాలమైంది. క్యారల్ రిటైర్ అయింది. నాకు పోయేదేమీ లేదు కనుక ధైర్యం వచ్చిందా? అవును. అదీ ఉంది. అది ధైర్యం కాదని తెలుసు.

పోయిన వారం మా ఆయనకి చెప్పాను. "ఇప్పుడెందుకే? అందరూ పోయారు కదా, లీవ్ ఇట్" అన్నాడు. అయినా రికార్డింగ్ మొత్తం మార్గరెట్ గారి మనవరాలికి పంపాను. క్యారల్‌కీ పంపాను, నేను చేసిందంతా రాసి. మనవరాలి దగ్గర నుంచి ఏమీ లేదు. క్యారల్ రెండు రోజుల తర్వాత ఫోన్ చేసింది.

"ఆ చలికాలమంతా నాన్న రోజూ మెయిల్‌బాక్స్ దాకా నడిచి వెళ్ళేవారు. మంచులో కూడా. పడిపోతావు నాన్నా అంటే వినేవారు కాదు" అంది. "ఎందుకో నాకు ఇప్పుడు తెలిసింది."

సారీ అన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది. నేను మళ్ళీ చేయలేదు. చేస్తే, క్షమించానని ఆమె చేత అనిపించుకోవడానికే చేస్తాను.

నిన్న ఎడ్డీ పేజీ తెరిచాను. తక్షణం మరణించాడన్న వాక్యం తీసేశాను. హెరాల్డ్ గారు చెప్పింది చెప్పినట్టు పెట్టాను. నాలుగు నిమిషాలూ వాటి చోట్లో ఉన్నాయి. దాని కింద, ఈ భాగాన్ని ఇన్నేళ్ళు తీసేసి ఉంచింది ఎవరో, ఇద్దరు మనుషులతో ఏం అబద్ధం చెప్పిందో, నా పూర్తి పేరుతో రాశాను. ఇక్కడ మీకు పేరు చెప్పలేదు. అక్కడ ఉంది.

ఎవరు చదువుతారో, ఏమంటారో అని భయం ఇంకా ఉంది. కానీ ఇది వేరే భయం. దొరికిపోతానన్న భయం కాదు.