భర్త సంతకం

పరవాడ నుంచి వచ్చే సిటీ బస్సులో కూర్చుని మళ్లీ ఆసుపత్రికే వెళ్తూ, వాళ్లు తిప్పి పంపిన కాగితం చూసుకుంటున్నాను. నాకు రెండో నెల. కడుపు తీయించుకోవడానికి ఒప్పుకుంటూ నేను సంతకం చేశాను. కింద ‘భర్త సంతకం’ అన్నచోట ఖాళీగా ఉందని తీసుకోలేదు.

పక్కసీట్లో మందుల కంపెనీ యూనిఫాం వేసుకున్న ఒకావిడ తొంగిచూసింది. “ఏటమ్మా, మీ ఆయన సంతకం అడిగారేటి?”

“ఆయన పెట్టనంటున్నాడండి.”

“సట్టంలో అది నేదమ్మా. పెద్దదానివి, నీ సంతకం సాలు. నన్నూ ఇలాగే తిప్పినారు, నాను ఊరుకోనేదు.”

ముందుసీటాయన వెనక్కి తిరిగాడు. “మొగుడొద్దంటే మానుకోవాల గానీ, పాపం కాదేటి?”

“నువ్వెక్కడ దిగాలో నన్నడిగి దిగుతావేటి బాబూ? మోసేది ఆ పిల్ల. నువ్వు ముందుకి తిరుగు.”

ఆయన తిరిగాడు. ఆవిడ నా పెన్ను లాక్కుని ‘భర్త సంతకం’ మీద గట్టిగా గీత కొట్టింది. కాగితం చిరిగినంత పనైంది.

ద్వారకా నగర్ ఆసుపత్రిలో నర్సు ఆ గీత చూసి, “ఇదేంటమ్మా?” అంది.

ఈ ఊళ్లోనే పుట్టినా మా ఇంట్లో గోదావరి మాటే. ఇక్కడి యాస అంతవరకూ నా నోట రాలేదు.

“నా సంతకం సాలు,” అన్నాను.