అక్క పొలానికీ అదే వంతు

కాలువ తూము దగ్గర పనిచేసే ఆవిడను ఊళ్ళో అందరూ తూమక్క అనేవాళ్ళు. ఆ పని నిజానికి మొగుడిది. నడుం పట్టేసి ఆయన మంచాన పడ్డాక ఏడేళ్ళు నీళ్ళు వదిలే తూము చక్రం తిప్పింది ఆవిడే, పేరు మాత్రం ఆయనదే. ఆయన పోయాక ఇంకెవరూ ముందుకు రాకపోవడంతో తాళంచెవి ఆవిడ దగ్గరే ఉండిపోయింది.

పిల్లలు లేరు. నా అనుకునే మనిషి అక్క ఒక్కతే. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. కూరలో ఉప్పు సరిపోయిందా అన్న మాట కూడా గోడ మీదుగానే నడిచేది.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. కాలువ గోడ మీద నీటి గీత రోజుకింత దిగుతుంటే తూమక్కకు గుబులు పట్టుకుంది. రైతుల సమావేశంలో గుమ్మం పక్కన నిలబడి, "ఇలా వాడితే కంకి వేసే వేళకు చివరి పొలాలకు చుక్క మిగలదు. అందరికీ వంతు సగం చేద్దాం. ఎగువన కొంత వరి మానేసి పెసలు చల్లుకోండి," అంది.

"నువ్వు చక్రం తిప్పు చాలు. ఏం చల్లుకోవాలో మాకు తెలుసులే," అన్నాడొకాయన. అందరూ నవ్వారు.

మర్నాడు చివరి పొలాల ఆడవాళ్ళు నలుగురొచ్చారు. "నువ్వు సగమే వదులు. ఎవరూ గండి కొట్టకుండా గట్టు మేం చూసుకుంటాం," అన్నారు. అలాగే చేశారు.

ఎగువన మొదటి పొలం అక్కదే. వారం తిరక్కుండా వచ్చింది.

"ఒక్క పూట ఎక్కువ వదలవే. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుందిగా అక్కా."

"అంటే నేనూ అందరిలో ఒకదాన్నే."

తూమక్క చక్రం బిగించి తాళం వేసింది.

చివరి పొలాలు గట్టెక్కాయి. అక్క పొలంలో సగం పైరు గింజ పట్టక తాలు పోయింది. కోతలయ్యాక ఆ నలుగురూ ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళిపోయారు. తర్వాతి సమావేశంలో తూమక్కకు కుర్చీ వేశారు. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి లేదు. ఒకసారి మూడు రోజులు జ్వరంతో పడుకుని, గోడ అవతల గిన్నెల చప్పుడు వింటూ గడిపింది.

మళ్ళీ నాట్ల ముందు అక్క తూము దగ్గరకొచ్చింది.

"మా వంతు ఎప్పుడు?"

"బుధవారం పొద్దున."

"సరే."

పది నెలల్లో అవే మొదటి మాటలు. వెళ్తుంటే తూమక్క చూసింది. అక్క ఎడమకాలు కుంటుతోంది. ఎప్పటినుంచో ఆవిడకు తెలియదు. అడుగుదామని నోరు తెరిచేలోగా అక్క గట్టు దిగిపోయింది.