గాలి పోయే వైపు

చాలా ఏళ్ళుగా ఒక విషయం నా లోపల మోస్తున్నాను. ఎవరికీ నోరు విప్పి చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. రెండు మూడుసార్లు నోటిదాకా వచ్చింది, మింగేశాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదనుకుంటాను. తెలిసినవాళ్ళయితే నా తరఫున ఏదో ఒక సాకు వెతికి నా చేతికిస్తారు. నాకు సాకులు చాలా ఉన్నాయి. ఇన్నేళ్ళూ వాటితోనే బతికాను.

నేను సింగపూర్ వచ్చింది డాట్‌కామ్ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజుల్లో. కాకినాడలో కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఇక్కడ ఒక చిన్న కంపెనీలో ఎడిటర్ ఉద్యోగం దొరికింది. చలిదేశాల ఆటసామాను ఇంటర్నెట్‌లో అమ్మే కంపెనీ అది. ఆఫీసు మాత్రం భూమధ్యరేఖకు పక్కనే. మాలో ఎవరూ మంచును ఫ్రిజ్ పై అరలో తప్ప చూడలేదు. అయినా మంచు మీద ఎలా ఆడాలో లోకానికి చెబుతూ పేజీలు పేజీలు రాసేవాళ్ళం. అప్పట్లో అది తప్పని ఎవరికీ అనిపించలేదు.

అక్కడే సుభాషిణి పరిచయమైంది. అది ఆమె అసలు పేరు కాదు. ప్రొద్దుటూరు అమ్మాయి. ఆమె రాసేది, నేను దిద్దేవాణ్ణి. ఆఫీసులో తెలుగువాళ్ళం మేమిద్దరమే. మొదటి వారంలోనే నన్ను అన్నా అని పిలవడం మొదలుపెట్టింది. బెడోక్‌లో ఇంకో ముగ్గురు అమ్మాయిలతో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండేది. మాది బుకిట్ బటోక్. ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చేది. నా భార్యకు అప్పుడు అయిదో నెల. సుభాషిణి ఆమెను వంటింట్లో నిలబడనిచ్చేది కాదు, తనే రొట్టెలు కాల్చేది.

ఒకసారి కంపెనీ స్నోకైటింగ్ సామాను అమ్మకానికి పెట్టింది. కాళ్ళకు పలకలు బిగించుకుని, నడుముకు కట్టుకున్న పెద్ద గాలిపటం లాగుతుంటే మంచు మీద జారే ఆట అది. అందులో ఆరితేరినవాళ్ళు మంచులో అడ్డంగా బిగించిన ఇనుప రెయిల్ మీదికి ఎగిరి, దాని మీదుగా జారి దిగుతారు. ఎలాంటి రెయిల్ కొనాలి, దాన్ని ఎలాంటి నేల మీద పెట్టుకోవాలి, ఈ రెండూ చెప్పే పేజీ రాసే పని సుభాషిణికి వచ్చింది.

మాలో ఇంకెవరైనా అయితే నాలుగు సైట్లు చూసి ఒక పూటలో రాసి పడేసేవాళ్ళం. ఆమె అలా చేయలేదు. ఆ ఆట ఆడేవాళ్ళకు మెయిళ్ళు రాసి ప్రశ్నలు అడిగింది. ఒక చిన్న గాలిపటం కొని, సెలవురోజు పాసిర్ రిస్ బీచ్‌కి తీసుకెళ్ళి ఎగరేసింది. మేమూ వెళ్ళాం. దారాలు ఒకసారి పట్టుకుని చూడమని నన్ను పిలిచింది. గాలి ఎంత బలంగా లాగుతుందో చేతికి తెలిస్తే దిద్దడం సులభమవుతుందని చెప్పింది. నేను లేవలేదు. ఈ వయసులో గాలిపటాలేంటని చాప మీదే కూర్చుని పులిహోర తిన్నాను.

ఆమె రాసిన పేజీ చాలా బాగుంది. కొత్తవాళ్ళు గుండ్రటి గొట్టం లాంటి రెయిల్ జోలికి పోకుండా, ఎత్తు తక్కువగా, వెడల్పుగా, పైన చదునుగా ఉన్నదే తీసుకోవాలని రాసింది. గాలిపటం దారాలు తగులుకునే మొనలు దానికి ఉండకూడదని రాసింది. గాలికి అడ్డంగా కొండ ఉంటే దాని వెనక గాలి సుడులు తిరుగుతుంది కాబట్టి, గాలి వచ్చే వైపు కొండ లేని చోటు చూసుకోవాలంది. ఇంకొంచెం కిందికి వచ్చాక మరో వాక్యం ఉంది. రెయిల్‌కి డౌన్‌విండ్ వైపు, అంటే గాలి పోయే వైపు, దారాల పొడవుకు రెట్టింపు దూరం ఖాళీగా ఉండాలి. కంచె, బండ, చెట్టు, కరెంటు తీగ ఏదీ ఉండకూడదు. పట్టు తప్పిన మనిషిని గాలిపటం అటే ఈడ్చుకుపోతుంది మరి.

పేజీని సైట్‌లో పెట్టాల్సిన రోజు ఆమెకు జ్వరం. ఇంటి దగ్గరే ఉండిపోయింది. చివరిసారి చదువుతుంటే నాకు అనుమానం వచ్చింది. పైన గాలి వచ్చే వైపు అడ్డు ఉండకూడదని ఉంది, కింద గాలి పోయే వైపు అని ఉంది. ఒకటి పొరపాటై ఉంటుందనుకున్నాను. బెడోక్ ఫ్లాట్‌కి ఫోన్ చేస్తే నిమిషంలో తేలిపోయే విషయం. ఫోన్ నా మోచేతి పక్కనే ఉంది. చేయలేదు. డౌన్‌విండ్‌ని అప్‌విండ్, అంటే గాలి వచ్చే వైపు, అని మార్చాను. ఒక్క మాట. పేజీ కింద ఆమె పేరుంది. ఆ మార్పు గురించి ఆమెకు తర్వాత చెబుదామనుకుని మర్చిపోయాను.

ఎందుకు ఫోన్ చేయలేదు? జ్వరంతో ఉన్న మనిషిని లేపడం ఎందుకని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఇంగ్లీషు విషయంలో నేను ఒకరిని అడగడమేమిటి? అదీ అసలు సంగతి.

ఆ చలిదేశాల్లో చలికాలం మధ్యలో ఉండగా ఒక ఉత్తరం వచ్చింది. ఎక్కడో మంచుదేశం నుంచి ఒక స్త్రీ రాసింది. ఆమె భర్త మా దగ్గర రెయిల్ కొన్నాడు. మా పేజీని ముందు పెట్టుకుని, ఒక్కొక్క మాటా చూసుకుంటూ చోటు ఎంచుకున్నాడు. గాలి వచ్చే వైపంతా ఖాళీ మైదానం. గాలి పోయే వైపు పశువుల కంచె. రెండోసారి ఎగిరినప్పుడు పట్టు తప్పింది. గాలిపటం అతన్ని ఈడ్చుకెళ్ళి కంచెకేసి కొట్టింది. ఒక కాలు మోకాలి కింద తీసేశారు. ఆమె తిట్టలేదు. ఆ పేజీలో ఒక మాట తప్పు ఉందని, ఇంకెవరికీ ఇలా జరగకముందే సరిచేయమని రాసింది. అంతే.

ఆ ఉత్తరం చదువుతుండగానే నాకు తెలిసిపోయింది.

మేనేజర్ మా ఇద్దరినీ పిలిచాడు. తను అలా రాయలేదని సుభాషిణి చెప్పింది. అయితే మొదటి డ్రాఫ్టు చూపించమన్నాడు. సోమవారం దాకా సమయం ఇచ్చాడు. పేజీ పెట్టాక ఆమె తన కాపీ తీసేసింది, డ్రాఫ్టు ఇక రెండు చోట్లే ఉంది. నా కంప్యూటర్‌లో ఒక ఫైలు. నా సొరుగులో ఒక ప్రింటు. ఆ ప్రింటు పక్కన ఆమె పెన్సిల్‌తో ఒక రెయిల్ గీసి, గాలి ఎటు పోతుందో బాణం గుర్తు కూడా వేసింది, నాకు అర్థం కావడానికి.

అదే రోజు అందరూ మకాన్‌కి, అంటే భోజనానికి, కిందికి దిగినప్పుడు, ఆ కాగితాన్ని చించి ప్యాంట్రీ చెత్తబుట్టలో వేశాను. దాని మీద వాడేసిన టీ పొట్లాలు వేశాను. తర్వాత కూర్చుని ఫైలు చెరిపేశాను.

మాట మార్చడం పొరపాటు. ఇది పొరపాటు కాదు. ఈ తేడా మీరు గమనించాలనే ఇంత వివరంగా చెబుతున్నాను. ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండనిచ్చే పాస్ పోతుంది, పాస్ పోతే కడుపుతో ఉన్న భార్యతో నెల తిరగకుండా దేశం వదలాలి. ఆ భయం ఉంది, కాదనను. కానీ అంతకన్నా లోపల ఇంకోటి ఉంది. గాలిపటం ఎటు పోతుందో కూడా తెలియని మనిషి ఆమె రాతను దిద్దాడని అందరికీ తెలియడం నేను భరించలేకపోయాను. ఒక మనిషి కాలు పోయింది. నేను నా పరువు చూసుకున్నాను.

ప్రింటు కోసం ఆమె నన్ను అడిగింది. పాత కాగితాలూ ఫైళ్ళూ అన్నీ కిందటి నెలే తీసేశానని చెప్పాను. నమ్మింది. సోమవారం ఆమెను తీసేశారు.

ఇండియా వెళ్ళిపోయే ముందు ఆఫీసు కార్డు ఇచ్చేయడానికి ఆఫీసుకు వచ్చింది. నన్ను కింద తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్‌కి రమ్మంది. మధ్యాహ్నం, జనం పలచబడుతున్నారు. చోటు పట్టడానికి టిష్యూ పొట్లం బల్ల మీద పెట్టి, తనే వెళ్ళి రెండు టీలు తెచ్చింది.

"అన్నా, నిజం చెప్పు. నేనే తప్పు రాసినానా? రాసింది నాకు బాగా గుర్తుంది. కానీ ఇప్పుడు నా మీద నాకే డౌటొస్తాంది."

నేను టీ గ్లాసు దగ్గరికి లాక్కున్నాను.

"డ్రాఫ్టు చూసినోడివి నువ్వొక్కడివే. దాంట్లో ఎట్లుండె?"

అప్పటికీ చెప్పొచ్చు. అప్పటికీ సమయం ఉంది. మేనేజర్ మూడంతస్తుల పైనే ఉన్నాడు.

"నాకు గుర్తున్నంతవరకు పేజీలో ఉన్నట్టే ఉందమ్మా. తొందర్లో ఎవరికైనా జరుగుద్ది," అన్నాను.

ఆమె తల ఊపింది. "అయితే ఆయప్ప కాలు నావల్లనే పోయినట్ల," అంది. ఏడవలేదు. వదినను జాగ్రత్తగా చూసుకోమని చెప్పి లేచింది.

నేను చేసిన వాటన్నిటిలో ఘోరమైనది ఇదే. కాగితం చించడం వల్ల ఆమె ఉద్యోగం పోయింది. ఈ ఒక్క మాటతో ఆమె తన జ్ఞాపకాన్నే నమ్మడం మానేసింది.

ఆ కంపెనీ కూడా ఎంతోకాలం నిలబడలేదు. డాట్‌కామ్‌ల పొంగు చల్లారినప్పుడు దానితోపాటే పోయింది. నేను ఒక బ్యాంకులో చేరాను. కూతురు పుట్టింది, పెరిగింది, నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే వయసుకొచ్చింది. సుభాషిణి సంగతేమిటని నా భార్య మొదట్లో అడిగేది. ఆమె ఉత్తరాలు రాయడం లేదని చెప్పేవాణ్ణి. నేను రాశానా అని నా భార్య ఎప్పుడూ అడగలేదు.

ఈ మధ్య ట్రైన్‌లో రోస్నా కనిపించింది. ఆ ఆఫీసులో బొమ్మలు వేసే మలయ్ అమ్మాయి, ఇప్పుడు జుట్టు నెరిసింది. సుభాషిణితో ఆమెకు ఇంకా మెయిళ్ళు నడుస్తున్నాయట. సుభాషిణి హైదరాబాద్‌లో ఒక స్కూలు ఆఫీసులో పనిచేస్తోంది. మళ్ళీ ఏమీ రాయలేదు. స్కూలు పత్రికకు నాలుగు మాటలు రాయమన్నా ఒప్పుకోదట. తర్వాత రోస్నా ఇంకో మాట చెప్పింది. ఆ మంచుదేశం నుంచి వచ్చిన ఉత్తరం మీది అడ్రసు సుభాషిణి ఇండియా వెళ్ళేటప్పుడు రాసుకుని పోయిందట. ఏటా ఆ భార్యాభర్తలకు ఒక ఉత్తరం రాసేదట, క్షమించమని. అయిదేళ్ళ తర్వాత ఆ భార్య జవాబు రాసింది. మాకు మీ మీద ఏ కోపమూ లేదు, ఇక మీరు బాధపడకండి అని.

నా స్టేషన్ దాటిపోయింది. నేను దిగలేదు.

అయిదేళ్ళు ఆమె నా తప్పుకు క్షమాపణ అడిగింది. చివరికి ఆ క్షమ దొరికింది కూడా. దొరికింది ఏ తప్పూ చేయని మనిషికి. నాది నాకు మిగిలిపోయింది. ఆ ఇంటివాళ్ళ దగ్గర ఇప్పుడు నాకోసం ఇంకోసారి ఇవ్వడానికి ఏమైనా మిగిలి ఉంటుందా? అడిగే హక్కు నాకుందా?

ఆ జవాబును సుభాషిణి రోస్నాకు మెయిల్‌లో పంపిందట; దాని మీది అడ్రసు, సుభాషిణి అడ్రసు రెండూ రోస్నా దగ్గర తీసుకున్నాను. ఇద్దరికీ రాశాను. ఏం చేశానో మాత్రమే రాశాను, క్షమించమని రాయలేదు. మూడు నెలలైంది. ఎక్కడినుంచీ జవాబు లేదు. సుభాషిణి ఆ ఉత్తరం చదివి చించేసి ఉండొచ్చు. చదవకుండానే చించేసి ఉండొచ్చు. జవాబు ఇవ్వాల్సిన బాధ్యత ఆమెకు లేదు. ఈ రాత్రికి నా భార్యకు కూడా చెబుతాను. ఆమె ఏమంటుందో తెలియదు.

ఆ వాక్యాన్ని సుభాషిణి సరిగ్గానే రాసింది. మార్చింది నేను. రుజువును చించింది నేను. ఆమె నా ముఖంలోకి చూసి నిజం అడిగినప్పుడు అబద్ధం చెప్పింది నేను. ఆ ఉత్తరాల్లో కూడా ఈ నాలుగు వాక్యాలను ఇలా ఒకదాని కింద ఒకటి రాయలేదు. ఇప్పుడు రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతకుమించి నాకేమీ రావాల్సింది లేదు.