అన్నయ్య చేతి క్రాఫు

చిన్నబ్బాయికి నలభై దాటినా ఊరంతా అతన్ని చిన్నబ్బాయనే పిలిచేది. అన్నయ్య పెద్దబ్బాయి కాబట్టి ఇతను చిన్నబ్బాయి, అంతకు మించి ఆ పేరు వెనక పెద్ద ఆలోచనేమీ లేదు. చెంపలు నెరిసి కళ్లజోడు వచ్చాక కూడా బడిపిల్లలు "చిన్నబ్బాయిగారూ" అంటూ, అదేదో ఆఫీసరు హోదా అయినట్టు గౌరవంగా పిలిచేవాళ్లు. ఒక పెట్టే, కత్తెరల సంచీ పట్టుకుని ఒంటరిగా నగరంలో దిగిన రోజున అతను మొట్టమొదట పోగొట్టుకున్నది ఆ పేరునే. పనిలో చేరిన సెలూన్లో అందరూ అతన్ని "కొత్తాయన" అన్నారు. నలభై ఏళ్లు పైబడినవాడు కొత్తాయన కావడం కన్నా చిన్నబ్బాయిగా ఉండిపోవడమే నయమని అతనికి అనిపించింది.

ఊళ్లో వాళ్ల నాన్న పెట్టిన షాపులో రెండు కుర్చీలుండేవి. కుడివైపుది అన్నయ్యది, ఎడమవైపుది ఇతనిది. మూలన మచ్చలు పడ్డ పొడవాటి అద్దం, తాడు మీద ఆరేసిన తువ్వాళ్లు, పౌడరు వాసన, ఎవరు తిప్పినా ఒకే స్టేషను పలికే రేడియో. ఆ షాపులో ఒక పద్ధతి ఉండేది. వచ్చి కూర్చున్న మనిషిని "ఎలా కత్తిరించమంటారు" అని అడగకూడదు. అలా అడిగితే వచ్చినవాడి మనసు చివుక్కుమనేది. పోస్టుమాస్టరుకి ముందు జుట్టు వేలెడు కూడా మిగలకూడదు. లెక్కల మాస్టారికి చెవులు దొప్పల్లా ఉంటాయి కనుక వాటి మీదికి కాస్త జారాలి. సోడాబండి ఆయనకి తల మీద రెండు సుడులు, ఏ వైపు దువ్వినా లేచి నిలబడతాయి, తడి చేసి ఓపిగ్గా పడుకోబెట్టాలి. ఇవన్నీ అన్నదమ్ములిద్దరి వేళ్లకీ తెలుసు. జనం వచ్చి కూర్చుని కళ్లు మూసుకునేవాళ్లు, కొందరు ఏకంగా గురక పెట్టేవాళ్లు.

ఇక అన్నయ్య సంగతి. ఆయన మనిషికి ఎదురుగా నిలబడి మాట్లాడలేడు. వదినతో మాట్లాడినా గోడతో చెబుతున్నట్టే ఉండేది. పెళ్లయిన ఇన్నేళ్లలో తన మొహం చూసి ఒక్క మాటైనా అనలేదని వదిన నవ్వుతూనే సాధించేది. అదే మనిషి చేతికి కత్తెర వచ్చి, ఎదురుగా ఎవరిదైనా తల వెనక భాగం కనిపిస్తే చాలు, నోటి తాళం ఊడిపోయేది. ఆదివారం మధ్యాహ్నం బేరాలు అయిపోయాక షట్టరు సగం దించి అన్నదమ్ములు ఒకరికొకరు జుట్టు కత్తిరించుకునేవాళ్లు. చిన్నబ్బాయి జీవితంలో ముఖ్యమైన కబుర్లన్నీ అతని మెడ వెనక నుంచే వచ్చాయి. నాన్న జబ్బు ఇక నయమయ్యేది కాదని అన్నయ్య అక్కడి నుంచే చెప్పాడు. ఆడపిల్లవాళ్లు అతని సంబంధం వద్దన్నారని కూడా అక్కడి నుంచే, అదీ మూడుసార్లు సర్దుకుని, చివరికి దువ్వెన కిందపడేసుకుని మరీ చెప్పాడు. తన రెండో కొడుకు పుట్టిన రోజున మాత్రం కత్తెర ఆపి, "నీకింకో కొడుకు పుట్టాడురా" అన్నాడు. ఆ మాట గుర్తొస్తే చిన్నబ్బాయికి ఇప్పటికీ మెడ మీద వెచ్చగా ఉంటుంది.

పెళ్లి ఎందుకు కాలేదంటే చెప్పడానికి పెద్ద కథేం లేదు. నాన్న మంచం పట్టిన ఏళ్లలో వచ్చిన సంబంధాలు వాయిదా పడ్డాయి, తర్వాత వచ్చినవాళ్లకు ఇతను నచ్చలేదు, ఆ తర్వాత రావడం మానేశాయి. అన్నయ్య మాత్రం ఆశ వదులుకోలేదు. ఎవరింట్లో పెళ్లీడు దాటిన అమ్మాయి ఉందన్నా చెవులు రిక్కించేవాడు. చిన్నబ్బాయి నవ్వేసి ఊరుకునేవాడు. అన్నయ్య పిల్లలిద్దరూ అతని వీపు మీదే పెరిగారు, ఇల్లు ఎప్పుడూ సందడిగా ఉండేది, లోటు తెలిసేంత తీరిక ఎక్కడిది?

అన్నయ్య పెద్దకొడుకు పెరిగి పని నేర్చుకున్నాక తీరిక దొరికింది. వాడి చెయ్యి బంగారం. కానీ రెండు కుర్చీల షాపులో ముగ్గురు కత్తెర పట్టుకుంటే ఒకరు ఎప్పుడూ తలుపు దగ్గరే నిలబడాలి. వాడు దువ్వెన జేబులో పెట్టుకుని గుమ్మానికి ఆనుకుని నిలబడేవాడు, పల్లెత్తు మాట అనేవాడు కాదు. ఆ అనకపోవడమే చిన్నబ్బాయికి ముల్లులా గుచ్చుకునేది. ఒక ఆదివారం అన్నయ్య మెడ వెనక నుంచి, నగరంలో తెలిసినాయన సెలూన్‌కి పనితనమున్న మనిషి కావాలట, నీకు ఇష్టమైతేనే సుమా, అన్నాడు. చిన్నబ్బాయి తల ఊపాడు. అన్నయ్య కదలకురా అని కసిరాడు. అది సరేనని ఊపడమో, వద్దని ఊపబోవడమో చిన్నబ్బాయికే ఈ రోజుకీ తేలలేదు. అన్నయ్య మాత్రం సరే అనే అనుకున్నాడు, తర్వాతి వారానికి టికెట్టు కొన్నాడు.

నగరంలో గది మేడ మీద. కిటికీ తెరిస్తే చేయి చాచినంత దూరంలో పక్కింటి గోడ, దాని మీద ఎప్పుడూ కారే గొట్టం. మంచం, కుర్చీ, గోడకి ఒక మేకు. పొద్దున లేవగానే అలవాటుకొద్దీ "వదినా, నీళ్లు పెట్టావా" అనబోయి నోరు మూసుకునేవాడు. పనిరోజులు ఎలాగో గడిచేవి. సెలూన్‌కి ఆదివారమే గిరాకీ ఎక్కువ, సెలవు వారం మధ్యలో ఎప్పుడో వచ్చేది. అలా ఆదివారాలు కూడా అతని చేతిలోంచి జారిపోయాయి. ఆ రోజు మధ్యాహ్నం ఎవరి జుట్టు కత్తిరిస్తున్నా, సగం దించిన షట్టరు కింద నుంచి నేల మీద పడే ఎండ గీత కళ్ల ముందు మెదిలేది.

మొదటి రోజే అతను కొంప ముంచినంత పని చేశాడు. కుర్చీలో ఒక గుండ్రటి తల కూర్చుంది. అచ్చం పోస్టుమాస్టరు తలే. ఆ మనిషి కళ్లు మూసుకుని చెవిలో ఏదో పెట్టుకుని పాట వింటున్నాడు. కళ్లు మూసుకున్నవాణ్ని ఏం అడుగుతాం? చిన్నబ్బాయి దుప్పటి కట్టి, ఊళ్లో చేసినట్టే ముందు జుట్టు శుభ్రంగా తీసేశాడు. కళ్లు తెరిచిన మనిషి అద్దంలో తనను తానే గుర్తుపట్టలేదు. ఆయన ఆ ముందు జుట్టుని నెలల తరబడి పెంచుకుంటున్నాడట, వెనక్కి దువ్వడానికి. ఓనరు, అతనికన్నా పదేళ్లు చిన్నవాడు, వచ్చి కాళ్లా వేళ్లా పడి ఆయన్ని పంపించి, "ఇక్కడ ఎవరి తలా మనకి తెలీదు బాబాయ్, ముందు అడగండి" అన్నాడు. బాబాయ్ అన్న ఒక్క మాటకి చిన్నబ్బాయి ఆ చీవాట్లు మర్చిపోయాడు. అడగడం నేర్చుకున్నాడు. మొదట్లో నోరు పెగిలేది కాదు, తర్వాత తర్వాత అదే మాట ఊపిరి తీసినంత తేలిగ్గా వచ్చేసేది.

ఎవరి తలైనా కత్తిరించాడు గానీ తన తల మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. వచ్చిన వారం నుంచీ పంతం పట్టినట్టు జుట్టు పెంచాడు. తోటివాళ్లు వేళాకోళం చేశారు. స్వామీజీ అన్నారు, పాటలు పాడతావా అన్నారు. అతను నవ్వేశాడు కానీ లోపలి మాట వేరే. అన్నయ్య వారానికోసారి ఫోను చేసేవాడు. తిన్నావా, ఆరోగ్యం జాగ్రత్త, సరే ఉంటా. అంతే. ఎదురుగా ఉన్న మనిషితోనే మాట్లాడలేనివాడు కనపడని మనిషితో ఏం మాట్లాడతాడు? కాబట్టి చెప్పాల్సినవన్నీ అన్నయ్య దాచి పెట్టుకుని ఉంటాడు. ఏడాది గడిచి సెలవు దొరికితే ఊరెళ్లి, ఎడమ కుర్చీలో కూర్చుని తల అప్పగిస్తే, అవన్నీ ఒక్కొక్కటే బయటికొస్తాయి. మధ్యలో ఇంకెవరి చెయ్యో పడితే అన్నయ్యకి కత్తిరించడానికేం మిగులుతుంది? కత్తిరించడానికి లేకపోతే ఇక మాట్లాడడానికీ ఉండదు. పైకి చెబితే పిచ్చనుకుంటారు. కానీ అతనికి అన్నయ్యతో ఉన్న దారి అదొక్కటే, అది మూసుకుపోతుందని భయం.

ఓనరు కొన్నాళ్లు ఓపిక పట్టాడు. చివరికి ఒక పొద్దున దగ్గరికొచ్చి, సెలూన్లో పనిచేసే మనిషి తలే సెలూన్‌కి బోర్డు అనీ, ఇలా అయితే కుర్చీ దగ్గర నిలబెట్టలేననీ, వెనకాల తలలు కడిగే చోటికి మార్చాల్సి వస్తుందనీ మొహమాటపడుతూనే తేల్చి చెప్పాడు. ఊళ్లో కుర్చీ వదిలేసి వచ్చాడు, ఇక్కడా కుర్చీ పోతే ఎక్కడికెళ్తాడు? వెనక్కి వెళ్తే అన్న కొడుకు మళ్లీ గుమ్మం దగ్గర నిలబడాలి. చిన్నబ్బాయి ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. సాయంత్రం బేరం పల్చబడ్డాక లేచి, మూడో కుర్చీ దగ్గర పనిచేసే అక్క ముందుకెళ్లి కూర్చున్నాడు.

ఆ అక్క నోరు పెద్దది, చెయ్యి నెమ్మది. సెలూన్లో అందరికన్నా ముందు చేరిన మనిషి, ఆమెకి అందరూ తమ్ముళ్లే. దుప్పటి కట్టి, ఎలా కత్తిరించాలి తమ్ముడూ అని అడిగింది. రోజూ తను అందరినీ అడిగే ప్రశ్నే. తీరా తన దాకా వచ్చేసరికి చిన్నబ్బాయి తెల్లమొహం వేశాడు. తనది ఏ రకం క్రాఫో అతనికి తెలియదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అడగలేదు, అతను చూసుకోనూ లేదు. ఇదివరకు ఎలా ఉందో అలాగే చెయ్యక్కా, అన్నాడు. అక్క తల తడిపి, దువ్వి, పాయలు విడదీసి చూస్తూ ఆగిపోయింది.

"ఇదివరకు కత్తిరించింది ఎవరు?"

"మా అన్నయ్య."

"మహా గట్టివాడే. నడినెత్తిన నీకు జుట్టు లేదు తమ్ముడూ, సుడి చుట్టూ అరచేయంత పల్చబడిపోయింది. ఇది నిన్న మొన్నటిది కాదు. ఆయన చుట్టూ ఉన్నదాన్ని పొరలు పొరలుగా పొడుగు వదిలి దాని మీద కప్పుతూ వచ్చాడు. ఎదిగినా ఆ పొరలు ఇంకా తెలుస్తున్నాయి."

చిన్నబ్బాయి నమ్మలేదు. అక్క వెనక చిన్న అద్దం పట్టి చూపించింది. ఊరి షాపులోనూ అలాంటి అద్దం ఉండేది, వచ్చినవాళ్లందరికీ చూపించేవాళ్లు. తనకి అన్నయ్య ఎప్పుడూ ఎందుకు చూపించలేదో అతనికి ఇప్పుడు అర్థమైంది. వందల తలలు చూసిన మంగలి తన బట్టతల తను ఎరగడు. ముందు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఉన్నాడు, అక్క కూడా నవ్వింది, తర్వాత అద్దంలో అతని మొహం చూసి ఆపేసింది. నేనూ అలాగే కప్పేయనా, అని మెల్లగా అడిగింది. వద్దక్కా, ఉన్నదున్నట్టు పొట్టిగా తీసెయ్ అన్నాడు.

గదికి వెళ్లేదాకా ఆగలేదు. సెలూన్ బయట మెట్ల మీదే కూర్చుని అన్నయ్యకి తనే ఫోను చేశాడు. అటు నుంచి మామూలుగా తిన్నావా అని వచ్చింది. జుట్టు కత్తిరించుకున్నానని చెప్పాడు. అవతల షాపు రేడియో వినిపిస్తోంది. చాలాసేపటికి అన్నయ్య గొంతు సవరించుకుని, నడినెత్తి దగ్గర ఎలా తీశారు, అని అడిగాడు.

"పొట్టిగా. అంతా కనబడుతోంది."

మళ్లీ రేడియో. తర్వాత ఎవరో దాన్ని ఆపేశారు.

"ముందు, నీకు పెళ్లి కుదిరేదాకా కప్పుదామనుకున్నానురా. కుదరలేదు. తర్వాత ఎన్నిసార్లు చెబుదామనుకున్నానో, కత్తెర పట్టుకుని కూడా నోరు రాలేదు. నా తమ్ముడికి వయసైపోయిందని నా నోటితో నేనెలా చెప్పను?"

చిన్నబ్బాయి ఫోను చెవికి ఇంకాస్త అదుముకున్నాడు. ఎదురుగా ఎవరెవరో నడిచి వెళ్తున్నారు, ఎవరూ అతన్ని ఎరగరు, కాబట్టి కళ్లు తుడుచుకోవలసిన అవసరం కూడా కనిపించలేదు. నువ్వు వెళ్లాక నీ కుర్చీ తుడవడానికి చెయ్యి రాలేదు, పెద్దవాడే తుడుచుకుని జనాన్ని కూర్చోబెడుతున్నాడు, అని అన్నయ్య అంటున్నాడు. నాన్న పోయినప్పుడు కూడా ఇల్లు ఇంత బోసిగా లేదని అంటున్నాడు. వదిన ఇంకా పొరపాటున ఒక కంచం ఎక్కువ పెడుతోందట. చేతిలో కత్తెర లేదు, ముందు తల లేదు, అయినా ఆ గొంతు ఆగడం లేదు.

వింటున్నావా, అని మధ్యలో అడిగాడు.

వింటున్నాను అన్నయ్యా, చెప్పు, అన్నాడు చిన్నబ్బాయి. అన్నయ్య చెప్పుకుంటూ పోయాడు.